ఎక్కించినోడి పేరు

2008, కోయిలకుంట్ల. నాపరాళ్ల గని యజమాని తమ్ముడు రామకృష్ణ, సుచరిత నడిపే నెట్ సెంటర్‌లోకి వచ్చి తలుపు మూశాడు.

“తలుపెందుకు మూస్తాండావన్నా? తెరువు!”

“పేరు చెప్పు, తెరుస్తా. గనిలో కూలి మారెన్న సచ్చిపోయిన వీడియో నీ సెంటర్ నుంచే నెట్‌లోకి పోయింది. ఎక్కించిందెవురు?”

“నాకు తెల్దు.”

“తెల్దా! తాగి రోడ్డు మింద పడి సచ్చినాడని మా అన్న పోలీసోళ్లకు చెప్పినాడు. ఇప్పుడేమో బండ కింద వాడు కనబడతాండాడు, జిల్లా అంతా చూస్తాండాది!”

“చూడనీ. బండ బీటలిచ్చిందని కూలోళ్లు మొత్తుకుంటాన్నా లోపలికి దించిందెవురు?”

“మాట మార్చొద్దు. పేరు.”

“తెల్దంటాండా గదా! ఇది ఒకడు అమ్మితే ఒకడు కొనే సీడీ కాదప్పా. ఒక కంప్యూటర్ నుంచి ఇంగో కంప్యూటర్‌కి, దాన్నుంచి ఇంగోదానికి పోతాది. కట్టేసిన మూట మాదిరి. మోసేదానికి లోపలేముండాదో తెల్దు, మొదట యాడ కట్టినారో తెల్దు.”

“మరి వీడియో యాడ నుంచి వచ్చిందని చూస్తే నీ సెంటర్ నెట్ నంబరే ఎందుకొచ్చింది?”

“నా మిషనూ మోసింది గాబట్టి. బద్వేల్లో ఎవురిదో మోసింటాది, హైదరాబాదులో ఎవురిదో మోసింటాది. అందర్నీ పోయి కొడతావా? వాడు ఈడికే వచ్చినాడని ఏముండాది? ఇంట్లో కూచోనన్నా ఎక్కించుండచ్చు.”

“కర్నూలు నుంచి ఇంజనీరును పిలిపిస్తే?”

“పిలిపించుకో.”

“పోలీసోళ్లు మిషన్లన్నీ ఎత్తకపోతే?”

“ఎత్తకపోనీ.”

“నిన్ను స్టేషన్లో కూచోబెట్టి కొడితే?”

“కొడితే ఏడుస్తా. నా దగ్గర లేని పేరు యాడ నుంచి తెచ్చి చెప్పాల?”

“ఖాయంగా దొరకదా?”

“దొరకదు! దొరికినా చెప్పను! చాలా?”

“అంత పొగరా?”

“పొగరే! మొగుడు పోయిన దుఃఖం చాలదని, తాగుబోతు పెండ్లామని ఊరంతా అంటాంటే గిడ్డమ్మ బయటికే రాల్యాకపాయె. మారెన్న చుక్క ముట్టనోడని నీకు తెల్దా? ఆ పొద్దు నువ్వు గనిలోనే ఉండావు గదా?”

“ఉండా.”

“కండ్లారా చూసినావు గదా?”

“...చూసినా.”

“చూసి, మీ అన్న చెప్పిన అబద్ధానికి తలూపినావు! తీసినోడు ఎవుడో ఏమో గానీ, వానికైనా రోషముండాది. చెయ్యి వణకతాన్నా ఫోను దించకుండా తీసినాడు. దాంట్లో పావలా వంతు నీకు ల్యాకపాయె. థూ!”

“మెల్లగామ్మా...”

“మెల్లగా ఎందుకు? బజారంతా వినాల!”

“మా అన్న బయట జీపులో ఉండాడు. నీ నోట్లో నుంచి పేరు రాబట్టకరమ్మని నన్నే పంపినాడు.”

“పోయి చెప్పు, రాలేదని!”

“చెప్తా. ఆయనే వచ్చి అడిగినా ఇప్పుడన్నట్లే అను, ఒక్క మాట తగ్గించద్దు. ఆ వణికిన చెయ్యి నాదేనమ్మా.”