పూలవాసన కొట్టిన గొట్టం

సభకు పెద్దగా కూర్చున్న మా ప్లాంటు మేనేజరు నందీష్ సార్‌కు, మా తిరుమణి ఊరి పెద్దలకు, అద్దాలు తుడిచి తుడిచి తమ ముఖాలు తామే చూసుకుని విసిగిపోయిన నా జట్టు ఆడవాళ్లకు నమస్కారం. ఈ సౌభాగ్య రిటైరవుతోందని నాకు శాలువా కప్పారు. ఈ ఎండలో శాలువా! (నవ్వులు)

పొరుగూళ్ల నుంచి వచ్చిన చుట్టాలకు ఒక మాట. చుట్టూ కనిపించే సోలార్ పలకల ప్లాంట్ల లాంటిది కాదు మాది. మా వంపు అద్దాలు ఎండనంతా ఒక గొట్టం మీదికి తోస్తాయి, గొట్టంలో నూనె కాగుతుంది, ఆ వేడికి నీళ్లు ఆవిరై కరెంటు పుడుతుంది. అది వంటనూనె కాదు, రసాయనాల మందునూనె. నేలలోకి దిగితే వానపాములకు కూడా చేటే. వాసన మాత్రం అచ్చం పూలదే!

అందుకే కదా మేం బోల్తా పడ్డాం. ఒకనాడు ఎండ ఎక్కకముందే చివరి వరసలో గుప్పున పూలవాసన. మా జట్టులోని దొడ్డమ్మ చెంపలేసుకుని, "అమ్మోరు ఈడే నిలిచిండాదే!" అంది. ఇంకేముంది, గొట్టం అతుక్కి పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి ముక్కలు పంచుకుంటుంటే, గొర్రెలు తోలుకుపోతున్న మారన్న కంచె అవతల నుంచి అరిచాడు: "ఏందక్కా, మీ అమ్మోరు కారతా ఉండాది!" (నవ్వులు) దొడ్డమ్మా, తల దించుకోవద్దే, మొదటి దండం నాదే.

నవ్వుకున్నాం సరే. ఆ అతుకు కింద నేల నాది, ప్లాంటుకు లీజుకిచ్చిన నా చేను. నూనె తాగిన మన్ను తవ్వి షెడ్డు వెనక టార్పాలిన్ కింద పోశారు, శుద్ధికి పంపుతామన్నారు. వాన పడినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. ఆ నీళ్లు ఎటు పోతాయో, మారన్న గొర్రెలు ఎక్కడ తాగుతాయో అని. నందీష్ సార్ చాలా మంచివారు, ఆయన 'వచ్చే వారం' మాత్రం చాలా పొడుగు. (నవ్వులు, సార్ కూడా)

మొన్న సన్మానానికి వెండి దీపం ఇస్తామన్నారు. వద్దు సార్, ఆ మన్ను పంపించండి, అదే నాకు సన్మానం అన్నాను. ఆయన మొదట నవ్వారు, తర్వాత లారీకి ఫోన్ చేశారు.

(బయట లారీ హారన్)

విన్నారా? మన్నెత్తుకుని గేటుకాడికి వచ్చేసింది! మారన్నా, చూడప్పా, పోతా ఉండాది! చప్పట్లు నాకు కాదు, దానికి కొట్టండి. సార్, మీకు దండం. లీజు తీరినాక ఆడ మళ్లీ చెనిక్కాయ ఏస్తాను, మొదటి గంప మీ ఇంటికే. ఈ శాలువా ఎవరైనా పట్టుకోండమ్మా, నేను గేటుదాకా పోయి దాన్ని సాగనంపాలి. సెలవు!