సాహెబ్ గుసగుస

ఆ దినం పొద్దున ఎనిమిది గంటలు. వాన అప్పుడే వెలిసింది.

“ఆటో పల్టీ కొట్టిన సంగతి చెప్పు పెద్దమ్మా” అన్నవ్ గదా స్వప్నా, చెప్తున్న. శానేండ్ల కింది ముచ్చట. జర ఆగి ఆగి చెప్తా.

అప్పుడు బతుకుదెరువుకు పరాయి రాష్ట్రంల ఉంటిమి. ఆటో మా మరిది రాజన్నది. ఎనక నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. పిల్లల్ని బడిల దింపి మా ఆయన ఖటోదరా పేటల బట్ట నేసే సాంచెల కార్ఖానాకు పోవాలె. అప్పుడు సీటుకు మూడు రూపాయలు... కాదు, నాలుగు. మా దగ్గర తీసుకోకపోతుండె అనుకో.

వన్‌వేల ఎదురుంగ నెత్తిన ఎర్రలైటున్న సర్కారు లాల్‌బత్తి కారొచ్చింది. రాజన్న తప్పించబోతే ఆటో ఒరిగింది. పిల్లలు నా మీద పడ్డరు.

కార్లకెల్లి పెద్ద సాహెబ్ దిగిండు. మేం బతికినమా లేదా అడగలే. “నేనెవరో ఎరికేనా?” అన్నడు. చౌరస్తల ఉన్న ట్రాఫిక్ పోలీసు ఉరికొచ్చి సలాం కొట్టిండు. ఇద్దరు పక్కకు పోయి గుసగుస. నాకు అనుమానమొచ్చింది. కేసు రాజన్న మీదికి తిప్పుతున్నరు. లైసెన్సు గుంజుకుంటే వాళ్లింట్ల పొయ్యి మండది.

మా ఆయన సాంచెల మనిషి గదా. ఆ మోతల మాట వినబడది, పెదవులు చూసే సమజ్ చేసుకుంటరు. బయటికొచ్చినా గొంతు తగ్గదు. ఈయన సాహెబ్ నోరు చూసిండు. ఆటో లేపుతున్న పాన్‌డబ్బా ఆయనకు మెల్లగ చెప్తున్న అనుకొని హిందీల ఒక్కటే అరుపు:

“తప్పు ఆటోదని రాయాల్నట! కారు మాట ఎత్తొద్దట!”

రోడ్డంత విన్నది. సాహెబ్ మొకం తిప్పుకున్నడు. మా ఆయన చుట్టు తిరిగి ముందరికి పోయిండు. “ఇటు తిరుగుండ్రి సాబ్, కనబడ్తలేదు.”

సాహెబ్ మూతికి దస్తీ అడ్డం పెట్టుకున్నడు.

“పన్ను నొస్తుందా సాబ్?” అన్నడు పాన్‌డబ్బా ఆయన. నవ్వులే నవ్వులు. నేను ఏడుస్తనే నవ్విన.

అంతమంది విన్నంక పోలీసు ఏం చేస్తడు? బుక్కు తీసి కారు నంబరే రాసిండు.

“పైకి ఫోన్ చేస్తా” అన్నడు సాహెబ్.

“చేయుండ్రి సాబ్. జర అటు తిరిగి చేయుండ్రి” అన్నడు పోలీసు, మా ఆయన దిక్కు చూసి.

ఆ దినం బడి లేదు, కార్ఖానా లేదు. ఇంటికొచ్చి గడపల కూసొని అందర్ని లెక్కవెట్టిన. కొడుకు ఒకడు, మోకాలు గీసుకపోయింది. బిడ్డ, రెండు. మా ఆయన, మూడు. రాజన్న, జేబుల లైసెన్సుతోని, నాలుగు. నేను... అవ్, నేను గూడ వచ్చిన. ఐదుగురం.