చేదు టీ

ఆసుపత్రి ఎమర్జెన్సీ గది బయట డాక్టరమ్మ, లోపలున్న వడ్రంగి భార్య, అతని తమ్ముడు.

“మళ్లీ అడుగుతున్నానమ్మా. పిచ్చాసుపత్రిలో రాసిన ఆ మాత్ర రోజుకెన్ని?”

“ఒకటేనండీ. ఒక్కటే.”

“ఒక్కటైతే ఈసీజీ ఇంత ఘోరంగా ఉండదే! గుండె లయ తప్పి కొట్టుకుంటోంది.”

“ఎండ దెబ్బేమో డాక్టరమ్మా. రంపం పక్కన పెట్టి, అలాగే చెక్క మీదికి వాలిపోయాడు మా అన్నయ్య.”

“ఎండకి ఇలా జరగదయ్యా. లోపల వైర్లన్నీ పీకేసుకుంటూ అరుస్తున్నాడు. నెమ్మదించడానికి ఇంజక్షన్ తెమ్మన్నాను. అదీ గుండె మీద పనిచేసే రకమే. ఒంట్లో ఆ మాత్ర మందు ఎక్కువుంటే, ఇదీ తోడై ప్రాణం మీదికొస్తుంది.”

“ఇచ్చేయండమ్మా, ఆయన కాస్త పడుకుంటారు.”

“వద్దు! ఇవ్వకండి.”

“ఏమయ్యా?”

“ఏం లేదు... కొంచెం ఆగి ఇవ్వండి.”

“ఏం లేకపోతే ఎందుకు ఆపావు? చెప్పవయ్యా!”

“వదినా, నన్ను తిట్టకూడదు.”

“ముందు చెప్పి చావు!”

“అన్నయ్య మాత్ర సింకులో ఉమ్మేశాడని నువ్వేగా ఏడ్చావు? అందుకే నేను... దుకాణంలో... టీలో. పొడి చేసి. రోజూ.”

“టీలోనా!”

“టీ చేదని టీకొట్టువాడితో అన్నయ్యకి రోజూ పేచీ. నీ నాలుకే చేదని అన్నయ్యకి సర్దిచెప్పాను.”

“నీ తెలివి తగలెయ్య! ఇంట్లో నేను పాలల్లో కలుపుతుంటే!”

“నువ్వూనా? నాతో ఒక్క మాట అనవేం?”

“నీతో అంటే ఇంకేమైనా ఉందా? సాయంత్రానికల్లా అన్న చెవిన పడేది. నువ్వు నాతో అన్నావా?”

“ఆపండి ఇద్దరూ! సిస్టర్, ఆ ఇంజక్షన్... ఇచ్చేశావా?”

“లేదు మేడమ్. ఆయన చెయ్యి ఇస్తేగా!”

“ఆ మొండితనమే కాపాడింది. అది పారెయ్. అంటే రోజుకి రెండు.”

“రెండేనండీ. మా అన్నయ్య బతుకుతాడా?”

“రెండేనని గట్టిగా చెప్పగలరా? తనంతట తాను వేసుకోడా?”

“ఆయనా? నా మీద ఒట్టు పెట్టినా మింగరు. ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకు తెలీదా?”

“మేడమ్, ఆయన ఊరికే అరవడం లేదండీ. చొక్కా ఇమ్మంటున్నారు. జేబులో ఆ మాత్ర ఉందట. రోజూ ఈ వేళకి వేసుకుంటారట, ఒక్క పూట మానినా వాళ్లావిడ మళ్లీ ఏడుస్తుందట.”