మూడు దెబ్బలు

బ్రిటన్ చలి ఎముకలు కొరికే పొద్దున, రోమనుల స్నానశాల అడుగున, చల్లారిన పొయ్యి ముందు బ్రిగో చితుకులు పట్టుకుని నిలబడ్డాడు. పైనుంచి మేస్త్రీ దిగొచ్చాడు.

"ఇంకా వెలిగించలేదేంరా?"

"మా అన్న లోపలున్నాడయ్యా. స్నానాల గది నేల కింద పొగదారిలో మసి గోకుతున్నాడు."

"అవతలి కంతలోంచి ఎప్పుడో పోయుంటాడు. ఈపాటికి ఎక్కడో బీరు తాగుతుంటాడు."

"బయటపడితే గోడమీద మూడు దెబ్బలు కొడతాడయ్యా. పదేళ్లుగా అదే మా గుర్తు."

"మీ గుర్తులు నాకెందుకురా? దళపతిగారు బట్టలిప్పి, చెక్క పావుకోళ్లు తొడుక్కుని, పైన వణుకుతున్నారు."

"ఒక్కసారి కంత దాకా వెళ్లి చూసొస్తానయ్యా."

"అంత చుట్టు తిరిగొచ్చేలోపు ఆయన నా వీపు చీరేస్తారు. నేను నీది చీరేస్తా."

టక్. టక్. టక్.

"విన్నావా? వచ్చేశాడు మీ అన్న."

"విన్నానయ్యా." బ్రిగో గుండె కుదుటపడింది. "ఎంత హడలగొట్టాడు, చచ్చినోడు!"

చితుకులు అంటుకున్నాయి. ఎండు దుంగలు భగ్గుమన్నాయి. మంట నాలుక చాచి నేల కిందికి దూరింది.

అప్పుడు పైనుంచి దళపతి గొంతు ఖంగుమంది.

"ఎవడ్రా కింద? పావుకోళ్లతో మూడుసార్లు నేల తన్నాను, చెవుడా మీకు? ఇంకా వేడెక్కదేం?"

మేస్త్రీ మొహం పాలిపోయింది. బ్రిగో ఒట్టి చేతులతో మండుతున్న దుంగల్ని బయటికి లాగసాగాడు.

"అన్నా! అన్నా!"

మేస్త్రీ వెనకనుంచి వాడి నోరు గట్టిగా మూసేశాడు.

"అరవకురా. పైకి వినపడుతుంది."