గొంతు లేని కారు

డెట్రాయిట్‌లో పాత, కొత్త కార్ల ఊరేగింపు రోజు పొద్దున, గరాజ్ ముందు తండ్రీ కూతుళ్ల వాదన ఇంకా తెగలేదు.

“నా ఎనిమిది సిలిండర్ల బండి పక్కన నీ కరెంటు డబ్బానా? పరువు పోతుందే!”

“ఏం తక్కువైంది నాన్నా?”

“కళ్లు మూసుకుని, చప్పుడు విని ఏ కారో చెప్పేస్తాను నేను. దీనికి గొంతేదీ?”

“ఎక్కి, ఒక్కసారి తొక్కి చూడు.”

వీధి చివరిదాకా వెళ్లొచ్చేసరికి ఆయన టోపీ వెనక సీట్లో పడి ఉంది.

“అమ్మో! ఈ మోటారు బిగించిందెవరే?”

“నేనే. నువ్వు ముప్ఫై ఏళ్లు ఇంజిన్లు బిగించిన ఫ్యాక్టరీలోనే.”

ఆయన టోపీ దులిపి పెట్టుకున్నాడు. టిఫిన్ బల్ల దగ్గర ఇంటిల్లిపాదికీ మెల్లగా చెప్పాడు:

“అమ్మాయి కారు ముందు వెళ్తుంది. దానికి గొంతు లేదుగా, వెనకాల నాది అరుస్తుంది.”