లండన్ ముసలమ్మలు చేస్తే ముద్దు

"అమ్మమ్మా, లండన్ బామ్మల కామెడీ సినిమా ఇంకోటి దొరికింది. పెట్టనా?"

పెట్టకే తల్లీ, నీకు దణ్ణం పెడతాను. ఇష్టం లేక కాదు. ఆ తెల్ల ముసలమ్మలంటే నాకు ప్రాణం. డెబ్భయ్యేళ్ళొచ్చినా లిప్‌స్టిక్ మానరు, ఒకర్నొకరు చెడామడా తిట్టుకుంటారు, మళ్ళీ పక్కపక్కనే కూర్చుని టీ తాగుతారు. ఎక్కడికైనా వెళ్ళాలనుకుంటే కోటు తగిలించుకుని వెళ్ళిపోవడమే. కొడుకునడగరు, కూతుర్నడగరు. చూస్తుంటే ఎంత హాయిగా ఉంటుందో! ఒళ్ళు మండేది మీ అమ్మ మీదే.

మొన్న మంగళవారం నువ్వు కాలేజీలో ఉన్నావు కదూ. పై ఫ్లాట్ ఖైరున్నిసా వదిన, అదే, నెల్లూరావిడ, వచ్చి "వదినా, క్రీకు దాటొద్దాం, యల్లా" అంది. ఈ అరబ్బు ఊరొచ్చాక 'పద' అనడం మానేసి యల్లా అంటుందిగా ఆవిడ. సరేనని బయల్దేరాం. ఆ ఉప్పునీటి పాయ మీద పడవెక్కాం. మొహానికి గాలి కొడుతుంటే ప్రాణం లేచొచ్చిందనుకో! చిన్నప్పుడు మా మేనత్తతో కొవ్వూరు నుంచి రాజమండ్రికి లాంచీలో వెళ్ళేదాన్ని. టిక్కెట్టు బేడో... కాదు, పావలా అనుకుంటా. సర్లే, అదలా ఉంచు. అవతలి ఒడ్డున టీ తాగి, కబుర్లు చెప్పుకుని వచ్చేశాం.

ఫోను మాత్రం ఇంట్లో ఛార్జింగులో మర్చిపోయా. మీ అమ్మ ఆఫీసులోంచి నేనెక్కడున్నానో తన ఫోన్లో చూస్తే ఇంట్లోనే ఉన్నట్టు చూపించిందట, ఫోను చేస్తే ఎత్తలేదాయె. బాత్రూంలో పడిపోయాననుకుని పరిగెత్తుకొచ్చింది. పాపం, హడలిపోయింది, కాదనను. కానీ ఆ అరుపులేవిటే! "ఖలాస్, ఇంక నువ్వు ఒంటరిగా గుమ్మం దాటకు" అని నా తాళంచెవి కూడా పట్టుకుపోయింది. బడినిండా పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టినదాన్ని, నాకా గుమ్మం దాటడం రానిది?

మళ్ళీ శనివారం మీరంతా కూర్చుని సినిమా పెట్టారు. అందులో ముసలమ్మలు వృద్ధాశ్రమంలోంచి చెప్పాపెట్టకుండా బస్సెక్కి సముద్రానికి పోతుంటే, మీ అమ్మకి నవ్వలేక కళ్ళనీళ్ళొచ్చాయి. "ఎంత ముద్దుగా ఉన్నారో!" అంటుంది. నాకెలా ఉంటుందో చెప్పు? వాళ్ళు పారిపోతే ముద్దు, నేను లిఫ్టు దిగితే మీ అమ్మకి బీపీ! ఆ పక్కనే కూర్చున్నాను నేను, నా వైపు ఒక్కసారి చూళ్ళేదు.

నువ్వెందుకే మొహం చిన్నబుచ్చుకుంటావు, నిన్నేం అనలేదుగా. ఇలా రా. నూరేళ్ళు బతుకు తల్లీ. నా అంత ముసల్దానివి అవ్వు. అప్పుడు నిన్ను చూసి ముద్దుగా ఉందని ఎవ్వరూ అనక్కర్లేదు. నీ తాళంచెవి నీ కొంగునే ఉంటే చాలు, ఎక్కడికని అడిగేవాళ్ళు లేకుండా...