నూటికి నూరు హాజరు

మా ఊరికి అక్కెర లేదని రాసిండ్రా? ఎట్ల రాస్తరు సారూ? జర ఆ కాయితం ఇటు తిప్పుండ్రి. అద్దాలు తెచ్చుకున్న, నేనే సదువుకుంట.

లేదు లేదు, లొల్లి పెట్టనీకి రాలే. ముప్పై నాలుగేండ్లు పంతులమ్మగ చేసిన. లొల్లి చేసేటోళ్లను కూసోబెట్టిన గాని నేనెన్నడు చెయ్యలే. మీరు నా మనుమని ఈడున్నరు, అయినా గా కుర్చీకి మర్యాద ఇస్త. జరంత సేపు ఇనుండ్రి. ఫైలు నాలుగింటికి నల్లగొండకు పోతదంట కదా, బయట మీ అటెండరు బుచ్చయ్య చెప్పిండు. ఇప్పుడు మూడున్నర.

పనికి పోయే తల్లుల పిల్లల కోసం సర్కారు ఒక కేంద్రం పెడ్తమన్నది. పొద్దుగాల ఆరింటి సంది రాత్రి ఏడున్నర దాక. పాలు, గుడ్డు, చూసుకునేటందుకు ఆయమ్మ. మండలానికి ఒక్కటే. మా ఊరికియ్యాల్నా, పక్కూరికియ్యాల్నా? గంతే కదా మీ ముంగటున్న ప్రశ్న?

మంచిది. ఇప్పుడు నేనొకటి అడుగుత, మెల్లగ ఆలోచించి చెప్పుండ్రి.

ఆడోళ్లకు బస్సు ఫ్రీ చేసిండ్రు. మంచి పని, నేను కాదన. మా ఊరోళ్లు నలభై మంది గా బస్సెక్కి నార్కట్‌పల్లి రోడ్డు మీది హోటళ్లకు పోతరు. గిన్నెలు తోముతరు, ఉల్లిగడ్డలు కోస్తరు. బస్సు ఎన్నింటికి? ఆరున్నరకు. అంగన్‌వాడీ తెరిచేది? తొమ్మిదింటికి. అండ్ల సుత మూడేండ్లు నిండినోళ్లనే కూసోబెట్టుకుంటరు. మాపటికి తల్లి ఇల్లు చేరేది? ఏడింటికి. మరి రెండేండ్ల పిల్ల అందాక యాడుండాలె? లెక్కలు చెప్పే పంతులమ్మను సారూ, నాకే ఈ లెక్క తేలకపాయె!

ఇంట్ల అవ్వలు లేరా అంటున్నరా? ఎందుకు లేరు, ఉన్నరు. వాళ్లు సుత గదే బస్సుల ఉన్నరు.

నవ్వకుండ్రి. నేను దానం అడుగుతలేను. రోడ్డేస్తే లారీలు నడుస్తయ్, కరెంటిస్తే బోర్లు నడుస్తయ్. పిల్లను పట్టే మనిషినిస్తే తల్లి నడుస్తది. రోడ్డేసినప్పుడు ఎవ్వలన్న దయ అన్నరా? మరి దీన్నెందుకంటరు?

ఏంది? మళ్ల చెప్పుండ్రి.

ఆడపిల్లలు బడి మాని తమ్ముళ్లను, చెల్లెండ్లను ఎత్తుకునే ఊరికే ముందుగాల ఇయ్యాలని రూలున్నదా? ఉంటది, మంచి రూలే. పక్కూరి పంతులు రానోళ్లకు రాలేదనే రాసిండా? ఆహా. మా బడిల...

ఆఁ. నూటికి నూరు. ఏండ్ల సంది నూటికి నూరు. గందుకేనా మాకు అక్కెర లేదని రాసింది?

జర నీళ్లుంటే ఇప్పియ్యుండ్రి సారూ.

గా రిజిష్టర్లల్ల అక్షరాలు నావే. గుండ్రంగ ఉన్నయ్ కదా? అందరు మెచ్చుకునేటోళ్లు.

స్వర్ణ అని ఒక పిల్ల ఉండె. తల్లి బిక్షమ్మ పొద్దుగాల్నే ఆటోల పత్తి ఏరనీకి పోయేది. స్వర్ణ మూడో తరగతిల ఉండంగ తమ్ముణ్ని చంకనేసుకొని బడికొచ్చేది. వాడు ఏడుస్తే క్లాసంత ఆగమాగం. నేనే చెప్పిన, "వానికి నడక వచ్చినాక రా బిడ్డా. పేరు కొట్టెయ్య, హాజరు నేనేస్త" అని. మంచి చేస్తున్న అనుకున్న సారూ, ఒట్టు. పేరు పోతే పిల్ల ఆగమైతదాయె. పిల్లలు తక్కువైతే బడే ఎత్తేస్తరాయె.

వానికి నడక వచ్చె. అంతల్నే చెల్లె పుట్టె. స్వర్ణ మళ్ల రాలే. నేను మాత్రం దినాం హాజరేస్తనే ఉన్న.

ఆమెతోటి ఆగిందా? పత్తి దినాలల్ల సగం గది ఖాళీ. రిజిష్టర్ల మాత్రం నిండుగ కూసునేటోళ్లు.

నేను రిటైరైనాక ఫోన్ల మొహం చూసి హాజరేస్తున్నరు, ఫోను అబద్ధం చెప్పదంటున్నరా? మా పక్కింటి పూజ నాలుగో తరగతి, గా స్వర్ణ పెద్దబిడ్డనే. తొమ్మిదింటికి పోయి మొహం చూపిస్తది, ఎనక గోడ దూకి ఇంటికి ఉరుకుతది. ఎందుకంటే స్వర్ణకు ఇప్పుడు రెండేండ్ల చిన్నబిడ్డ సుత ఉన్నది. స్వర్ణ హోటలుకు పోతే ఆ బిడ్డను పూజనే ఎత్తుకోవాలె.

నమ్ముతలేరా? మా దరఖాస్తు ఆఖరి పేజీ తీయుండ్రి. ఏడో పేరు స్వర్ణది. ఒక్క దినం నాగా లేకుంట ఐదో తరగతి పాసైందని మీ కాయితంల ఉన్నది. మరి సంతకం ఉండాల్సిన జాగాల వేలిముద్ర ఎందుకున్నది?

బయట బల్ల మీద కూసున్నది, పిలువుమంటరా? వద్దా? వద్దులే. నా ముంగటనే నా అబద్ధాన్ని నిలబెట్టి ఏమడుగుతరు.

ఇంకొకటి సుత చెప్త, కడుపుల పెట్టుకొని ఏం చేసుకోను. గా నూటికి నూరుకు మండలంల నాకు శాలువ కప్పిండ్రు. ఊరోళ్లు లారీల వచ్చిండ్రు, చప్పట్లు కొట్టిండ్రు. బిక్షమ్మ సుత కొట్టింది. ఆమె బిడ్డ గా పొద్దు యాడున్నదో ఆమెకు తెలువదా? నాకు తెలువదా? ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నం. ఆమె కొడుతనే ఉండె.

పెన్షనా? ఆపుతరు కావచ్చు. నాకేం భయం లేదనుకోకుండ్రి. నా షుగరు గోలీలు దాని మీదనే. మా కోడలు మంజులతకు తెలిస్తే గడప దాటనియ్యదు.

టైమైతాంది, పెన్ను తీయుండ్రి. డిక్టేషను చెప్త, మెల్లగనే చెప్త. "యాదలక్ష్మి అను నేను, పిల్లలు రాని దినాలల్ల వచ్చినట్టు రాసిన." చుక్క పెట్టుండ్రి. "తెలిసే రాసిన." దీనికి సుత చుక్క.

ఇటియ్యుండ్రి, సంతకం చేస్త.

అరే, పెన్ను కింద పెట్టిండ్రేంది సారూ? స్వర్ణ ఒక్కతే అనుకున్నరా? ఇంకా ఇరవై రెండు పేర్లున్నయ్. ఒక్కటి మరువలే.

రాయుండ్రి. కరుణ. రెండో తరగతి.